కిల్ అంటే ప్రతిసారీ హత్యేనా?

ఈరోజు ఒకే ఒక్క వెర్బ్ చూద్దాం: కిల్. పాస్ట్ టెన్స్, పాస్ట్ పార్టిసిపుల్ రెండూ కిల్డ్. అర్థం ‘చంపు’ అని అందరికీ తెలుసు. కానీ చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగులో ‘చంపారు’ అనగానే మనం ‘ఎవరు?’ అని అడుగుతాం. ఇంగ్లీష్ కిల్‌కి మనిషే అక్కర్లేదు. వరద, పిడుగు, జ్వరం, ఏదైనా సబ్జెక్ట్ కావచ్చు. ప్రాణం పోవడానికి కారణమైతే చాలు. కావాలని చేశారా లేదా అన్నది ఈ మాట చెప్పదు. కావాలని, చట్టవిరుద్ధంగా చంపితే దానికి వేరే మాట ఉంది: మర్డర్.

అందుకే పేపర్లో ‘త్రీ పీపుల్ వర్ కిల్డ్ ఇన్ ఎ రోడ్ యాక్సిడెంట్’ అని ఉంటే ‘ముగ్గురు చంపబడ్డారు’ అనుకోకండి. ‘ముగ్గురు మరణించారు’, అంతే.

ఇది మనకెందుకు అంటారా? మీ మావయ్య యాక్సిడెంట్‌లో పోయారనుకోండి, మేనేజర్‌కి లీవ్ మెయిల్ పెట్టాలి. ‘సమ్‌బడీ కిల్డ్ మై అంకుల్’ అని రాస్తే అవతలివాళ్లకి హత్య కేసులా అనిపిస్తుంది. ‘మై అంకుల్ వాజ్ కిల్డ్ ఇన్ ఎ రోడ్ యాక్సిడెంట్’ అనొచ్చు, ‘డైడ్ ఇన్ ఎ రోడ్ యాక్సిడెంట్’ అన్నా కరెక్టే. ‘వాజ్ డైడ్’ మాత్రం ఎప్పుడూ తప్పే. వయసు మీదపడి పోయినవాళ్లకి డైడ్ లేదా పాస్డ్ అవే వాడండి.

ఇక ప్రాణాలు పోని వాడుకలు. ‘మై బ్యాక్ ఈజ్ కిల్లింగ్ మీ’ అంటే మన ‘నడుం నొప్పి చంపేస్తోంది’. మీ ప్రెజెంటేషన్ అయ్యాక ‘యూ కిల్డ్ ఇట్’ అంటే కంగారు పడొద్దు, ‘ఇరగదీశావ్’ అని మెచ్చుకోలు. ‘కిల్లింగ్ టైమ్’ అంటే బస్సు వచ్చేదాకా ఫోన్ చూస్తూ గడిపేయడం లాంటిది. ‘కిల్ ది ఇంజిన్’ అంటే ఇంజిన్ ఆపెయ్.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి లైనక్స్‌లో కిల్ అనే కమాండే ఉంది. ఉత్త కిల్ కొడితే ప్రోగ్రామ్‌కి 15వ నంబర్ సిగ్నల్ వెళ్తుంది. అది ‘ఇక ముగించు’ అని అడగడమే. ప్రోగ్రామ్ తన పని సేవ్ చేసుకుని ఆగొచ్చు. 9 ఇస్తే మాత్రం ఆ అవకాశం ఉండదు.

కాబట్టి కిల్ కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. నిజంగా ప్రాణం పోయిందా? పోతే, ఎవరైనా కావాలని తీశారా? జవాబులు దొరికాకే తెలుగులోకి మార్చండి.

మీకో చిన్న పని: ‘ది హీట్ కిల్డ్ ది ప్లాంట్స్’. దీన్ని ‘చంపు’ అనే మాట లేకుండా తెలుగులో కామెంట్ చేయండి. ఉంటాను మరి, బై.