తెల్లతెరపై కిష్కింధ

బళ్ళారి, అనంతపురం సీమల తోలుబొమ్మలాటలో జంతువులు మనుషుల్లా నిలబడతాయి. కిరీటాలు పెట్టుకుంటాయి, పంచె కట్టుకుంటాయి, తగవులాడతాయి. వాలి, సుగ్రీవుడు, అంగదుడు, హనుమంతుడు, జాంబవంతుడు, జటాయువు అందరూ మేకతోలు మీద గీసి, రంగులద్దిన బొమ్మలే. కన్నడం వైపు ఈ కళను తొగలు గొంబెయాట అంటారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళి, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో మిగిలినా ఆట ఇరువైపులా సాగింది. దీన్ని ఆడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుకుంటారు. తెర వెనుక మాత్రం ఊరిని బట్టి తెలుగో కన్నడమో అందుకుంటారు.

బొమ్మకు ముందు తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడతారు. అది వెలుతురును లోపలికి రానిచ్చేంత పలచబడ్డాక బొమ్మ గీసి, నగలూ బట్టల అంచులూ ఉలితో చిన్న చిన్న రంధ్రాలుగా తొలుస్తారు. రెండు వైపులా రంగు వేస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చేసి దారంతో కలుపుతారు. తెర వెనుక దీపం వెలిగితే రంగుల నీడ ఇవతలికి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆముదం దీపాలు వాడేవారు, ఇప్పుడు విద్యుత్ దీపాలు వాడుతున్నారు. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, గీతల బట్టలు చూస్తే 16వ శతాబ్దపు లేపాక్షి కుడ్యచిత్రాలు గుర్తుకొస్తాయి.

ఈ బొమ్మల్లో జంతువును మనిషిగా మార్చే పద్ధతి ఒకటుంది. నడుము నిటారుగా ఉంటుంది, చేతులు మాటకు తగ్గట్టు ఆడతాయి, ఒంటి నిండా ఆభరణాలుంటాయి. కానీ ముందుకు పొడుచుకొచ్చిన మూతి, తోక, జటాయువుకైతే ముక్కు, రెక్కలు అలాగే ఉంటాయి. రాజుకు తగిన వేషం వేసినా వానరం వానరంలాగే కనిపిస్తుంది. అందుకే ప్రేక్షకుడు మృగాన్ని చూస్తూనే మనిషి స్వభావాన్ని గుర్తుపడతాడు.

రామాయణంలోని వానర రాజ్యమైన కిష్కింధ కథ అందుకు బాగా కుదురుతుంది. వాలి సుగ్రీవులది అపార్థంతో మొదలై, రాజ్యం, భార్య, పగ దాకా పెరిగిన అన్నదమ్ముల తగవు. రాజ్యం దక్కాక సుగ్రీవుడు సుఖాల్లో మునిగి రాముడికి ఇచ్చిన మాట మరచిపోతాడు. తన బలం తనకే తెలియని హనుమంతుడికి దాన్ని గుర్తుచేసేవాడు వయసు మీరిన ఎలుగు జాంబవంతుడు. కిష్కింధ బయట, ఓడిపోతానని తెలిసీ రావణుడికి అడ్డుపడే ముసలి గద్ద జటాయువు. బంగారు లేడిగా వచ్చే మారీచుడిది మరో దారి. అక్కడ అందమైన జంతురూపం మోసానికి ముసుగు.

కిష్కింధ కథ జరిగిందని చెప్పుకునే చోటు కూడా దగ్గరే. తుంగభద్ర ఒడ్డున హంపి, ఆనెగొంది చుట్టూ ఉన్న బండరాళ్ళ కొండలనే జనం కిష్కింధ అంటారు. ఆనెగొంది దగ్గరి అంజనాద్రిని హనుమంతుడి జన్మస్థలంగా కొలుస్తారు. ఆ రాళ్ళ మీద కోతులు, కొండముచ్చులు నేటికీ తిరుగుతాయి. హంపికి కాస్త దూరంలో, సండూరు, హోసపేట తాలూకాల పరిధిలో 1994లో దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఏర్పడింది. గుట్టల సందుల్లో ఉండి, పళ్ళు, తేనె, చెదపురుగులు తినే ఎలుగు అక్కడ కనబడుతుంది. అంటే తెర మీద మాట్లాడే కోతి, ఎలుగు ఈ ప్రాంతపు జనానికి పురాణంలో మాత్రమే ఉన్నవి కావు, పొలం గట్టు దాకా వచ్చే ఇరుగుపొరుగు.

తోలు కూడా అడవితో ఈ కళకున్న సంబంధాన్ని చెబుతుంది. ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా మేకతోలుతోనే పని నడుస్తోంది. ఆకులు, బెరళ్ళ నుంచి తీసే రంగుల స్థానంలోకి బజారు రంగులు వచ్చాయి.

రాత్రంతా సాగే ఆటలు తగ్గిపోయినా బొమ్మలు నిలిచాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కుటుంబాలు ఇవే వానరాలను, పక్షులు వాలిన చెట్లను గోడ చిత్రాలుగా, దీపపు గొడుగులుగా చేసి అమ్ముతున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. బళ్ళారిలో బెళగల్లు వీరన్న రామాయణంతో పాటు గాంధీ జీవితాన్నీ బొమ్మలాటగా ఆడించారు. ఇతివృత్తాలు మారినా కొనేవారు ఎక్కువగా అడిగే బొమ్మల్లో హనుమంతుడు ఇప్పటికీ ఉన్నాడు.