రన్నింగ్‌లో బండి ఆగిపోతోందా? పంపు మార్చే ముందు ఒక్క మాట

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతే ఇంజిన్ ఒక్కటే ఆగిపోయి ఊరుకోదు. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కగానే అయిపోయి, పెడల్ రాయిలా తగులుతుంది. బ్రేకులు పోయాయనుకుని చాలామంది కంగారు పడతారు. పోవు, గట్టిగా తొక్కితే పడతాయి. కాబట్టి పదే పదే పంప్ చేయకుండా ఒకే పట్టుగా తొక్కాలి. గేరు న్యూట్రల్‌లో వేసి, నాలుగు ఇండికేటర్లూ ఆన్ చేసి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకి తెచ్చుకోవాలి. బండి కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. పది నిమిషాలకి బండి మామూలుగా స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే గంటసేపు నడిపినా ఆగదు. సాఫ్ట్‌వేర్‌లో మాకూ ఇలాంటివి తగుల్తాయి. కస్టమర్ దగ్గర వస్తుంది, మా దగ్గర రాదు. అలాంటప్పుడు ఊహించి ఏదో ఒకటి మార్చేయడం మొదలుపెడితే ఇక దానికి అంతుండదు. కార్ల దగ్గర అలా ఊహించిన ప్రతిసారీ బిల్లు కూడా కట్టాలి.

మా బాబాయ్‌కి ఖమ్మంలో ఒక డీజిల్ టాక్సీ ఉంది. ఇంట్లో అందరూ దాని మీదే బతుకుతున్నారు, ఇంకా ఏడాదిన్నర కిస్తీలు ఉన్నాయి. అది నెల రోజుల్లో నాలుగుసార్లు దారిలో ఆగింది. ఒకసారైతే సూర్యాపేట దాటాక, డయాలిసిస్‌కి హైదరాబాద్ వెళ్తున్న పెద్దాయన వెనక సీట్లో ఉండగా ఆగింది. షెడ్డులో స్కానర్ పెట్టి, డీజిల్ ప్రెషర్ రావట్లేదు, హై ప్రెషర్ పంపు పోయింది, ఇంజెక్టర్లు కూడా చూడాలి, అరవై వేలు దాటుతుంది అన్నారట. బాబాయ్ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, అంత డబ్బు పెట్టాక కూడా ఆగితే నేనేం చేయాలి? నీ కంప్యూటర్ చదువు దీనికేమైనా పనికొస్తుందేమో చూడరా" అన్నాడు.

స్కానర్‌లో వచ్చిన కోడ్ ఏంటని అడిగాను. అదృష్టం కొద్దీ ఫొటో తీసి ఉంచాడు. పీ0192.

ఇక్కడే ఉంది తిరకాసు. పీ0087 అని ఇంకో కోడ్ ఉంది. దాని అర్థం, రైల్‌లో ఇంధనం ప్రెషర్ తక్కువగా ఉంది అని. పీ0192 అర్థం వేరు. ప్రెషర్ కొలిచే సెన్సర్ నుంచి వచ్చే కరెంటు సిగ్నల్ ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది అని. రెండింట్లోనూ ప్రెషర్, తక్కువ అనే మాటలు కనిపిస్తాయి కాబట్టి హడావిడిలో ఒకటే అనిపిస్తాయి. మొదటిది పంపు, ఫిల్టర్, లీకుల వైపు చూపిస్తుంది. రెండోది చూపించేది వైరింగ్ వైపు, సెన్సర్ వైపు.

కొంచెం లోపలికి వెళ్దాం. ఇప్పటి డీజిల్ కార్లలో ట్యాంకు నుంచి వచ్చిన డీజిల్‌ని హై ప్రెషర్ పంపు ఒక లావుపాటి గొట్టంలోకి తోస్తుంది. దాన్నే కామన్ రైల్ అంటారు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అందులో 250, 300 బార్ ఉంటుంది, గట్టిగా రేజ్ ఇస్తే 1,600 బార్ దాకా వెళ్లే బళ్లున్నాయి. మన కారు టైరులో ఉండేది రెండు బార్‌కి కాస్త ఎక్కువ. రైల్ మీద ఉన్న సెన్సర్‌కి మూడు వైర్లు: ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. చాలా బళ్లలో ప్రెషర్ సున్నా అయినప్పుడు కూడా సిగ్నల్ వైరులో అర వోల్టు దాకా ఉంటుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ నాలుగున్నర వైపు పోతుంది. సున్నాకి సున్నా పెట్టకపోవడంలోనే ఉంది తెలివంతా. సిగ్నల్ నిజంగా సున్నా వోల్టులకి పడిపోతే, అది ప్రెషర్ లేకపోవడం కాదు, వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం. పీ0192 చెప్పేది ఇదే. ఈసీయూకి ప్రెషర్ ఎంతో తెలీనప్పుడు కొన్ని బళ్లు వేగం తగ్గించి నడుస్తాయి, కొన్ని ఇంజిన్ ఆపేస్తాయి.

ఆ ఆదివారం ఖమ్మం వెళ్లాను. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, దానికి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో రైల్ ప్రెషర్, ఇంజిన్ ఆర్‌పీఎం రెండింటి గ్రాఫ్ పెట్టుకుని బయల్దేరాం. ఈ యాప్‌లు ప్రెషర్‌ని కిలోపాస్కల్స్‌లో చూపిస్తాయి, 30,000 కనిపిస్తే 300 బార్ అన్నమాట. బైపాస్ మీద నలభై నిమిషాలు నడిపినా ఏమీ కాలేదు. వెనక్కి వస్తూ ఊళ్లో ఒక స్పీడ్ బ్రేకర్ దాటగానే ప్రెషర్ గీత నిట్టనిలువుగా కిందికి పడి మళ్లీ లేచింది. ఆర్‌పీఎం గీత మాత్రం కదల్లేదు. ఆ పంపుని తిప్పేది ఇంజినే. ఇంజిన్ తిరుగుతూనే ఉంటే ప్రెషర్ రెప్పపాటులో సున్నాకి పోయి తిరిగి రావడం పంపు లోపంలా అనిపించదు. పంపు అరిగినా, ఫిల్టర్ మూసుకుపోయినా గ్రాఫ్ వేరేలా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఈసీయూ అడిగిన ప్రెషర్‌ని అసలు ప్రెషర్ అందుకోలేక కింద కింద నడుస్తుంది.

తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన బానెట్ ఎత్తి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, సెన్సర్ కప్లర్ దగ్గర్నుంచి వైరింగ్‌ని జానెడు జానెడు కదుపుతూ వెళ్లాడు. ఒక క్లాంపు దగ్గర ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. టేపు విప్పితే సిగ్నల్ వైరు తోలు ఊడి, రాగి మెరుస్తోంది. టంకం వేసి, స్లీవ్ తొడిగి, క్లాంపుకి తగలకుండా పక్కకి కట్టాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. ఇప్పటికి ఏడు నెలలు, ఇంకా ఆగలేదు.

ఇలా వైర్లు కదపడం వరకూ పర్వాలేదు, అదీ బెల్టులకీ ఫ్యానుకీ దూరంగా. హై ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా వదులు చేయకండి. ఆ వేగంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న చుక్క గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన కేసు అది.

మీది మామూలు పెట్రోల్ కారైతే అనుమానితులు మారతారు. అక్కడ ప్రెషర్ మూడు నాలుగు బార్లే, చాలా మోడళ్లలో దాన్ని కొలిచే సెన్సరే ఉండదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే ముందు క్రాంక్ సెన్సర్ చూడమనండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే దాదాపు దొంగ దొరికినట్టే. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు 'జుయ్' మనే చప్పుడు చాలా బళ్లలో వస్తుంది. మీ బండిలో రోజూ వచ్చే ఆ చప్పుడు రాకపోతే పంపు కంటే ముందు దాని ఫ్యూజు, రిలే చూడాలి. ఇంకొకటుంది, నవ్వుకోకండి: ట్యాంకులో తేలే ఫ్లోట్ ఇరుక్కుపోయి, మీటరు పావు ట్యాంకు చూపిస్తుండగానే పెట్రోల్ అయిపోయిన బళ్లు కూడా షెడ్లకి వస్తుంటాయి. ఐదు లీటర్లు పోయించి చూస్తే తేలిపోతుంది.

మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్4 కార్లలో ఈ ఓబీడీ2 సాకెట్ మామూలే. అడాప్టర్ కొనకపోయినా ఫర్వాలేదు, షెడ్డులో స్కానర్ పెట్టినప్పుడు కోడ్ నంబరుని, దాంతోపాటు ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్‌ని ఫొటో తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నవి అందులో ఉంటాయి. కోడ్ చెరిపేస్తే అవీ పోతాయి. అందుకే ఫొటో తీసేదాకా ఎరేజ్ బటన్ నొక్కనివ్వకండి.