ఎడమ చేయి పలికేదాకా

అమెరికాలోని బోస్టన్‌లో డ్రమ్స్ నేర్పే జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో ‘స్టిక్ కంట్రోల్’ అనే పుస్తకం వేశాడు. మొదటి పాఠంలో పాట లేదు, హంగూ లేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ: అంతే. రెండో వరుస ఎడమతో మొదలవుతుంది. మూడోదాంట్లో కుడి రెండు, ఎడమ రెండు. ఒక్కో వరుసనూ ఆపకుండా ఇరవై సార్లు వాయించాలన్నది స్టోన్ షరతు. తొంభై ఏళ్లయినా ప్రపంచమంతటా డ్రమ్స్ విద్యార్థులు ఆ పేజీతో కుస్తీ పడుతూనే ఉన్నారు.

కుడిచేతి వాటం వాళ్లు వేగం కోసం ఆరాటపడినప్పుడు కుడి చేయి ముందుకు పోతుంది, ఎడమ వెనకబడుతుంది. పాటతో కలిసి వాయిస్తే ఆ తేడా గిటార్ల హోరులో కలిసిపోతుంది. రబ్బరు ప్యాడ్ ముందు కూర్చుని, పక్కన టిక్కుటిక్కుమంటూ లయ చెప్పే మెట్రోనోమ్ పెట్టుకుంటే మాత్రం ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ప్యాడ్‌తో ఇంకో మేలు: పొద్దున్నే సాధన చేసినా పక్కింటివాళ్ల నిద్ర చెడదు.

రోజుకు అరగంటే దొరుకుతుందనుకుందాం. మొదటి ఐదు నిమిషాలూ పట్టుకే ఇవ్వాలి. స్టిక్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవాలి. మిగతా మూడు వేళ్లు దాన్ని ఆనుకుని ఉండాలి తప్ప బిగుసుకోకూడదు. ప్యాడ్‌ను తాకిన స్టిక్, నేలకు కొట్టిన బంతిలా తనంతట తనే పైకి లేస్తుంది. దాన్ని లేవనివ్వడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది. గట్టిగా పిడికిలి పట్టేవాళ్లు ప్రతి దెబ్బకూ స్టిక్‌ను తామే పైకి ఎత్తాల్సి వస్తుంది. అందుకే త్వరగా అలసిపోతారు.

తర్వాత పది నిమిషాలు స్టోన్ వరుసలు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 టిక్కుల దగ్గర పెట్టి, ఒక్కో టిక్కుకు రెండు దెబ్బలు. కళ్లు మూసుకుని వింటే ఏది కుడో ఏది ఎడమో తెలియకూడదు. ఒకే చేత్తో రెండేసి దెబ్బలు వేసేటప్పుడు రెండోది నీరసంగా పడుతుంది, చెవి అక్కడే పెట్టాలి. ఇరవై సార్లూ సమంగా వచ్చి, ముంజేయి వదులుగా ఉంటేనే వేగం మరో నాలుగు టిక్కులు పెంచాలి. కండరం పట్టేస్తే తగ్గించాలి. నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయాలి. నొప్పిని ఓర్చుకుంటే చేయి గట్టిపడుతుందన్న నమ్మకం చాలామంది చేతులు పాడుచేసింది.

మృదంగం నేర్చుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ‘త ది తొం నం’ ముందు ఒకటో కాలంలో కుదరాలి, ఆ తర్వాతే రెండో కాలం, మూడో కాలం. వాద్యాలు వేరు, వాయించే తీరు వేరు. నిదానంలో కుదరనిది వేగంలో కుదరదన్న లెక్క రెండింటికీ ఒకటే.

మరో ఐదు నిమిషాలు పారడిడిల్‌కు. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ జాబితాలో ఉన్న 40 రూడిమెంట్లలో, అంటే డ్రమ్స్ ప్రాథమిక వరుసల్లో, ఇదొకటి. ఇందులో ప్రతి నాలుగింటిలో మొదటి దెబ్బను నొక్కి వాయించాలి. ఆ నొక్కు బలంతో రాదు, స్టిక్ ఎంత ఎత్తునుంచి దిగుతుందన్న దాన్నిబట్టి వస్తుంది. మిగతా మూడు దెబ్బలూ ప్యాడ్‌కు రెండంగుళాల ఎత్తులోనే పడాలి.

ఈ నొక్కుల వెనక మంచి కథ ఉంది. స్టోన్ శిష్యుడు జో మోరెల్లో గురువు రాసిన వరుసలను ఉన్నవి ఉన్నట్టు వాయించకుండా, తనకు తోచిన చోట నొక్కులు చేర్చేవాడు. గురువు కోప్పడలేదు, ఆ ఆలోచనను అందుకుని పెంచాడు. 1961లో వచ్చిన ‘యాక్సెంట్స్ అండ్ రీబౌండ్స్’ అలా పుట్టింది. దాన్ని స్టోన్ మోరెల్లోకే అంకితమిచ్చాడు. అప్పటికే మోరెల్లో జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందంలో, 1959 నాటి ‘టేక్ ఫైవ్’ అనే బాణీలో, ఐదు లెక్కల నడక మీద సోలో వాయించి పేరు తెచ్చుకున్నాడు.

మిగిలిన పది నిమిషాలు డ్రమ్ సెట్ దగ్గరే గడపాలి. అదే పారడిడిల్‌లో కుడి చేతిని హై-హ్యాట్ తాళాల మీదికి, ఎడమను స్నేర్ డ్రమ్ మీదికి మారిస్తే చాలు, నడక ఒకటి దానంతటదే తయారవుతుంది. ఈ భాగాన్ని ఎగ్గొట్టి ప్యాడ్ దగ్గరే గంటలు గడిపేవాళ్లకు చేతులు బాగా తిరుగుతాయి కానీ, పాట మొదలయ్యేసరికి తడబడతారు. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే, వాయించేటప్పుడు చెవికి అందని ఎడమచేతి తొందర అందులో బయటపడుతుంది. తర్వాతి వారం వరుసలన్నీ ఎడమతోనే మొదలుపెట్టవచ్చు.