రుమటాయిడ్ కీళ్లవాత చికిత్సలు : ప్రభావం, దుష్ఫలితాల తులనాత్మక పరిశీలన

దీర్ఘకాలిక శోథ వ్యాధుల విషయంలో "ఏ మందు మేలైనది?" అన్న ప్రశ్న ఒకటిగానే కనిపించినా, అందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మందు వ్యాధిని ఎంతవరకు తగ్గిస్తుంది? శరీరానికి ఎంత హాని చేస్తుంది? మొదటిదానికి కొన్ని వందల మంది రోగులతో ఆరు నెలల్లో సమాధానం లభిస్తుంది. రెండవదానికి వేలాది రోగులు, అనేక సంవత్సరాలు కావాలి. ఈ భేదాన్ని విస్మరించిన పోలికలు ఎలా దారితప్పుతాయో రుమటాయిడ్ కీళ్లవాతం స్పష్టంగా చూపుతుంది. శరీర రక్షణ వ్యవస్థ కీళ్ల లోపలి పొరపైనే దాడి చేయడం ఈ వ్యాధికి మూలం. వాపు, నొప్పి, ఉదయంపూట కీళ్లు బిగుసుకుపోవడం, క్రమేణా ఎముక కోతకు గురికావడం దీని లక్షణాలు.

ప్రభావాన్ని కొలవడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ రూపొందించిన 'ఏసీఆర్ 20' ప్రమాణం విస్తృతంగా వాడుకలో ఉంది. దీని ప్రకారం నొప్పి ఉన్న కీళ్ల సంఖ్య, వాచిన కీళ్ల సంఖ్య రెండూ కనీసం 20 శాతం తగ్గాలి. రోగి చెప్పే నొప్పి, వ్యాధిపై రోగి అంచనా, వైద్యుని అంచనా, దైనందిన పనులు చేసుకోగల శక్తి, రక్తపరీక్షలోని శోథ సూచిక అనే ఐదింటిలో కనీసం మూడింటిలో అంతే మెరుగుదల ఉండాలి. మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా పట్టుకోవడానికి ఇది చాలు; చేతివేళ్లు ముడుచుకోలేని రోగికి మాత్రం 20 శాతం మెరుగుదల స్వల్పమే. అందుకే 50, 70 శాతం ప్రమాణాలను కూడా జతచేస్తారు.

ఇక్కడ తరచుగా కనిపించే దోషం ఒకటుంది. జీవసంబంధ ఔషధాలను పరీక్షించిన అనేక అధ్యయనాల్లో రోగులు అప్పటికే మెథోట్రెక్సేట్ వాడి తగిన ఫలితం పొందనివారు. వారిలో ఒక వర్గానికి కొత్త మందును జతచేసి, మరో వర్గానికి పాత మందునే కొనసాగించారు. అంటే పోటీ ఒకసారి విఫలమైన చికిత్సతోనే! అటువంటి గెలుపు నుండి కొత్త మందు పనిచేస్తుందని తెలుస్తుంది గాని, ఇతర ప్రత్యామ్నాయాలకంటే మేలని తేలదు. ఆ ప్రశ్నను నేరుగా అడిగిన అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. మెథోట్రెక్సేట్‌తో అదుపులోకి రాని 353 మందిలో ఒక వర్గానికి సల్ఫసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత మందులను, మరో వర్గానికి ఎటనర్సెప్ట్ అనే జీవసంబంధ ఔషధాన్ని జతచేశారు. 24 వారాలకు మెరుగుపడనివారిని ఒక చికిత్స నుండి మరొకదానికి మార్చారు. ఆ మార్పు అవసరమైనవారు రెండు వర్గాల్లోనూ 27 శాతమే. 48 వారాలకు చవకైన మూడు మందుల చికిత్స ఖరీదైనదానికి తీసిపోలేదు.

దుష్ఫలితాల చరిత్ర వేరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనుమతి పొందేనాటికి, అది నిరోధించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీనే క్షయ క్రిములను ఊపిరితిత్తుల్లో కణికలుగా బంధించి ఉంచుతుందని ప్రయోగశాలల్లో తెలుసు. అయినా ఆ ప్రమాద తీవ్రత వెల్లడైనది మందు విస్తృత వాడుకలోకి వచ్చాకే. 2001 నాటి నివేదిక 70 క్షయ కేసులను విశ్లేషించింది. సగానికి పైగా రోగుల్లో క్షయ ఊపిరితిత్తుల వెలుపల కూడా కనిపించింది. గుప్త క్షయ అరుదైన దేశాల్లో లెక్కించిన ప్రమాదాన్ని భారతదేశానికి యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. చికిత్సకు ముందు ఛాతీ ఎక్స్‌రే, గుప్త క్షయ పరీక్ష తప్పనిసరి కావడానికి కారణమిదే.

టోఫాసిటినిబ్ ఉదంతం మరింత బోధప్రదం. కీళ్లపై దాని ప్రభావం టీఎన్‌ఎఫ్ నిరోధకాలకు దీటుగానే ఉంది. అయితే 50 ఏళ్లు దాటి, కనీసం ఒక హృద్రోగ ప్రమాద కారణం ఉన్న 4,362 మందిని మధ్యగత విలువగా 4 సంవత్సరాలు పరిశీలించగా, గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర ఘటనలు టోఫాసిటినిబ్ తీసుకున్నవారిలో 3.4 శాతం, టీఎన్‌ఎఫ్ నిరోధకాలు తీసుకున్నవారిలో 2.5 శాతం నమోదయ్యాయి. క్యాన్సర్లు వరుసగా 4.2, 2.9 శాతం. గుండె ఘటనల తేడాను వెయ్యి మందికి తొమ్మిదిగా చెప్పినప్పుడు కలిగే అభిప్రాయం వేరు, మూడోవంతుకు పైగా పెరిగిందన్నప్పుడు కలిగే భయం వేరు. రెండూ ఒకే లెక్క. ఈ ఫలితాన్ని ముప్ఫై ఏళ్ల రోగికి నేరుగా వర్తింపజేయడం కూడా పొరపాటే.

అధ్యయనాలు పట్టుకోలేని హాని మరొకటుంది. మెథోట్రెక్సేట్ జన్మస్థానం లెడర్లే ప్రయోగశాలలు. అక్కడ ఫోలిక్ ఆమ్లంపైనా దాని వ్యతిరేకాలపైనా పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ మందు 1985 నాటి అధ్యయనం తర్వాత స్వల్ప మోతాదులో కీళ్లవాతానికి ప్రధాన చికిత్సగా స్థిరపడింది. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వికారాన్ని, కాలేయ ఎంజైముల పెరుగుదలను తగ్గిస్తుంది. కాని ఈ మాత్ర వారానికి ఒక్కసారే తీసుకోవలసినది. తక్కిన మాత్రల్లాగే రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని నోటి పుండ్లు, రక్తకణాల క్షీణత, ఒక్కోసారి మరణం సంభవిస్తాయి. నర్సుల పర్యవేక్షణలో, లెక్కించి మాత్రలు అందించే పరిశోధనలో ఈ ప్రమాదం దాదాపుగా కనిపించదు. చీటీపై మోతాదు మాత్రమే రాసి వారం పేరు రాయనిచోట అది కనిపిస్తుంది.