చలి లేని ఊళ్లో యాంటీఫ్రీజ్ ఎందుకు?

చుండూరులో నీళ్లు గడ్డకట్టేంత చలిని ఎవరూ చూసి ఉండరు. మరి తెనాలి వెళ్లి ‘యాంటీఫ్రీజ్’ అని రాసున్న డబ్బా కొనడమెందుకు? బోరు నీళ్లు పోస్తే సరిపోదా?

సరిపోదు. ఆ డబ్బాలో ప్రధానంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. నీళ్లతో సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అది లద్దాఖ్ వెళ్లేవాళ్ల సంగతి! మనకు కావాల్సింది దాని రెండో గుణం. నీళ్లు 100 డిగ్రీలకే మరిగితే, ఈ మిశ్రమం సుమారు 107 దాకా ఆగుతుంది. పైగా తుప్పు పట్టనివ్వని రసాయనాలు ఇందులో ఉంటాయి. ఉప్పు, సున్నం ఉన్న బోరు నీళ్లయితే రేడియేటర్ గొట్టాల్లో గార కట్టిస్తాయి. ఎండాకాలం ధాన్యం లోడుతో వెళ్తున్న బండి వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయిందంటే, ఆ ఖర్చుతో ఎన్ని డబ్బాలు కొనొచ్చో!

రంగు చూసి మాత్రం కొనకండి. ఆకుపచ్చ పాతరకం, నారింజ ఎక్కువకాలం వచ్చేది అంటారుగానీ ఏ కంపెనీ రంగు దానిదే. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన రకమే అడగండి. రెండు రకాలు కలిపితే తుప్పును ఆపే శక్తి తగ్గుతుంది. ‘రెడీ టు యూజ్’ అయితే నేరుగా పోయొచ్చు. ‘కాన్సన్‌ట్రేట్’ అయితే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఏదైనా సరే, ఇంజిన్ చల్లారాకే మూత తియ్యాలి.

అన్నట్టు, ఇది తియ్యగా ఉండే విషం. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటుంటే ఇవాళే మానెయ్యండి. నేలమీద ఒలికితే వెంటనే కడిగెయ్యండి, పిల్లలే కాదు, కుక్కలూ నాకుతాయి.