కుక్క నమలక మానదు – దానికి ఏమి ఇద్దాం?

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కొత్త చెప్పు ముక్కలై పడి ఉంటుంది. తోక ఊపుకుంటూ ఎదురు వచ్చిన కుక్కకు రెండు దెబ్బలు పడతాయి. అవి ఎందుకు పడ్డాయో దానికి తెలియదు. వచ్చే వారం మంచం కోడు, ఆపై వారం సైకిలు సీటు! ఇది చాలా ఇళ్లలో జరిగే ముచ్చటే. పోయింది చెప్పు మాత్రమే అయితే ఫరవాలేదు. ఒక్కొక్కసారి కుక్క ప్రాణం మీదికే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం మా బంధువులు కైకలూరు దగ్గర చేపల చెరువుకు కాపలాగా ఒక కుక్కను పెంచారు. మంచి బలమైన కుక్క. ఏది దొరికినా పటపట నమిలేసేది. మామిడిపండ్ల రోజుల్లో పిల్లలు చీకి పారేసిన టెంకను అది మింగింది. ఎవరూ గమనించలేదు. అన్నం ముట్టడం మానేసి, తాగిన నీళ్లు కూడా కక్కుతుంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టారు. మూడో నాడు పశువుల డాక్టరు గారికి చూపిస్తే పేగులో టెంక అడ్డుపడిందని తేలింది. ఆపరేషన్ చేసి తీశారు. ఇంకొక రోజు ఆగి ఉంటే దక్కేది కాదని ఆయన అన్నారు. గట్టిగా నమిలే కుక్కకు ఏది ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు అనే ఆలోచన మాకు అప్పుడే మొదలయింది.

ఎందుకు నములుతుంది?

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుండి అవి ఊడి, ఏడో నెల వచ్చేసరికి 42 పళ్లు వస్తాయి. ఆ నెలల్లో చిగుళ్లు సలుపుతాయి గనుక కనబడినదల్లా కొరుకుతుంది. పెద్ద కుక్కకు నమలడం దవడకు పని, మనసుకు కాలక్షేపం. పగలంతా గొలుసుతో కట్టివేసిన కుక్క ఏమీ తోచక మరింతగా నములుతుంది. అది తప్పు కాదు, దాని స్వభావం. కొట్టి మాన్పించలేము. తగిన వస్తువు చూపించి మళ్లించగలం.

గోటి పరీక్ష

ఏ వస్తువు ఇచ్చినా ముందుగా మీ బొటనవేలి గోటితో నొక్కి చూడండి. కొంచెమైనా గోటి నొక్కు పడాలి. నొక్కు పడనంత గట్టిదైతే కుక్క పన్నే విరుగుతుంది. రాళ్లు, జింక కొమ్ములు, పశువుల కాలి ఎముకలు ఇటువంటివే. నమలడానికి వాడే పై దవడ పెద్ద పన్ను చీలితే చీము పట్టి కంటి కింద వాపు వస్తుంది. పాపం, నోరులేని జీవం చెప్పుకోలేదు. తిండి ఒక పక్కనే నములుతుంటే అనుమానించాలి.

రెండవది కొలత. వస్తువు మొత్తంగా నోటిలో పట్టేటంత చిన్నదిగా ఉండకూడదు. అరిగి చిన్నదైతే, ముక్కలు ఊడుతుంటే వెంటనే తీసివేయాలి.

ఇవి ఇవ్వకండి

ఉడికిన ఎముకలు, ముఖ్యంగా కోడి ఎముకలు, సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. మామిడి టెంక, మొక్కజొన్న కండె పేగుకు అడ్డుపడతాయి. కొబ్బరి డొక్కను పీకి ఆడుకుంటే ముచ్చటగానే ఉంటుంది గాని, మింగిన పీచు లోపల ఉండ కడుతుంది. గోనె ముక్క, ముడివేసిన తాడు కూడా గట్టిగా నమిలే కుక్కకు పనికిరావు. పాత టైరు ముక్కలో ఇనుప తీగ ఉంటుంది.

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల మీద కాపలా కుక్కలను పెంచేవారు మరింత జాగ్రత్త పడాలి. చిరిగిన నైలాను వలలు, గాలాలు, మేత సంచుల దారాలు గట్టు మీద వదలకండి. పొడవాటి దారం మింగితే అది పేగును కుచ్చెళ్లలా ముడిచి కోసివేస్తుంది. నోటి నుండి గాని వెనుక నుండి గాని దారం వేలాడుతుంటే లాగవద్దు. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.

ఇవి ఇవ్వవచ్చు

దళసరి సహజ రబ్బరుతో చేసిన బోలు బొమ్మలు అన్నిటిలో మేలు. ఇవి పుట్టిన కథ వినదగినది. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన కుక్క ఫ్రిట్జ్ రాళ్లు నమిలి పళ్లు పాడుచేసుకునేది. ఆయన వ్యాను బాగుచేస్తూ పక్కన పడేసిన రబ్బరు భాగాన్ని అది ఇష్టంగా నమలడం చూచి, 1976లో ‘కాంగ్’ అనే రబ్బరు బొమ్మల కంపెనీ ప్రారంభించాడు. ఇప్పుడు అటువంటివి మన దేశంలోనూ అమ్ముతున్నారు. కొనేటప్పుడు రెండు వైపులా రంధ్రాలు ఉన్నవి చూచుకోండి. ఒకే రంధ్రం ఉంటే నాలుక లోపల ఇరుక్కునే ప్రమాదం ఉంది. పెరుగన్నం కూరి ఇస్తే గంటసేపు దానితోనే ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు మాత్రం పెట్టకండి, అవి కుక్కకు విషం.

ఖర్చు లేకుండా కూడా చేయవచ్చు. పళ్లు వచ్చే పిల్లకు శుభ్రమైన మందపాటి గుడ్డను తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో చల్లబరచి మీ ఎదుట కొరకనివ్వండి. ఆ తరువాత తీసివేయండి. పెద్ద కుక్కకు లావుపాటి పచ్చి క్యారెట్టు మంచిది. ఏ బొమ్మా ఎప్పటికీ అరగకుండా ఉండదు గనుక రోజూ చూచుకోవలసిందే. అన్నిటికంటే ముఖ్యం, ఉదయం సాయంత్రం కాసేపు గొలుసు పట్టుకుని నడిపించండి. అలసిన కుక్క చెప్పుల జోలికి పోదు.

నోటిలో ఉన్నదానిని పిల్లలను లాగనివ్వకండి. మంచి తిండి చూపి, అది వదిలాక పెద్దవారే తీయండి.

ఈ గుర్తులు మరువకండి

పదేపదే వాంతులు, తిండి ముట్టకపోవడం, కడుపు ఉబ్బడం, ముక్కినా విరేచనం కాకపోవడం — వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. ఏలూరు నుండి విజయవాడ వెళ్లే దారిలో గన్నవరంలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఇంకొక్క మాట. ఎన్నడూ లేనిది కుక్క హఠాత్తుగా కర్రలు, రాళ్లు, మట్టి కొరకడం, చొంగ కార్చడం, గొంతు మారడం, పరాయిదానిలా ప్రవర్తించడం జరిగితే అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. గొంతులో ఎముక అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టకండి. కరిచినా, గీరినా, గాయానికి చొంగ తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. ఆ జబ్బు లక్షణాలు మనిషిలో బయటపడిన తరువాత మందు లేదు. కుక్కపిల్లకు మూడో నెలలో టీకా వేయించి, ఆపై డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయిస్తే ఈ భయం ఉండదు.

మా బంధువుల కుక్క ఆపరేషన్ తరువాత చాలాకాలం ఆ చెరువు గట్టు మీదే కాపలా కాసింది. నమలడం మానలేదు. ఆ ఇంటి పిల్లలు మాత్రం మామిడి టెంకలను మూత ఉన్న బకెట్టులో వేయడం నేర్చుకున్నారు.