గృహ బీమా క్లెయిము తిరస్కరణ

గృహ బీమా క్లెయిము తిరస్కరణ అనగా, ఇంటికి గానీ ఇంటిలోని సామానుకు గానీ కలిగిన నష్టానికి పరిహారం చెల్లించబోమని బీమా సంస్థ పాలసీదారుకు తెలియజేయడం. ఇది అంతిమ నిర్ణయం కాదు. భారతదేశంలో దీనిపై ఫిర్యాదు చేయడానికి మూడు దశలున్నాయి. అయితే వీటికి గడువులున్నాయి. గడువు దాటితే న్యాయమైన క్లెయిము కూడా చేజారే ప్రమాదముంది.

సాధారణ కారణాలు

2021 ఏప్రిల్ 1 నుండి "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం మొదలైన వాటి వలన కలిగే నష్టం దీని పరిధిలోకి వస్తుంది. తిరస్కరణకు తరచుగా చూపే కారణాలు:

* నష్టకారణం పాలసీ పరిధిలో లేకపోవడం. తుఫానుకు పైకప్పు ఎగిరిపోతే పరిహారం లభిస్తుంది. గోడ ఏళ్ళ తరబడి చెమ్మగిల్లి పాడైతే లభించదు. దొంగతనం కూడా వరద వంటి ప్రమాదం కారణంగా, అది జరిగిన 7 రోజులలోపు సంభవిస్తేనే ఈ పాలసీ వర్తిస్తుంది.
* పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్య విషయాలను దాచడం.
* నష్టాన్ని ఆలస్యంగా తెలియజేయడం.

తిరస్కరణ లేఖ ప్రాముఖ్యం

తిరస్కరణకు కారణాన్ని, వర్తించిన పాలసీ నిబంధనను వ్రాతపూర్వకంగా కోరడం మొదటి పని. లేఖలో పేర్కొనని కొత్త కారణాన్ని సంస్థ తరువాత వాదనలోకి తేరాదని సుప్రీంకోర్టు గలాడా పవర్ (2016), సౌరాష్ట్ర కెమికల్స్ (2019) కేసులలో తీర్పు చెప్పింది. కనుక ఈ లేఖ పాలసీదారుకే ఆధారమవుతుంది. సర్వేయరు నివేదికే తుది మాట కాదని కూడా 2009లో ప్రదీప్ కుమార్ కేసులో ఇదే న్యాయస్థానం పేర్కొన్నది. అందువలన నష్టం జరిగిన వెంటనే తీసిన ఫోటోలు, మరమ్మతు రసీదులు భద్రపరచుకోవాలి.

ఫిర్యాదు దశలు

1. బీమా సంస్థ: మొదట సంస్థలోని ఫిర్యాదుల అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.

2. బీమా అంబుడ్స్‌మన్: సంస్థ ఫిర్యాదును తోసిపుచ్చినా, నెలలోపు జవాబివ్వకపోయినా, ఒక సంవత్సరంలోపు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. పరిహార పరిమితిని 2023లో 30 లక్షల రూపాయల నుండి 50 లక్షలకు పెంచారు. అంబుడ్స్‌మన్ ఇచ్చే అవార్డుకు బీమా సంస్థ కట్టుబడి, 30 రోజులలోపు అమలు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసులకు హైదరాబాదు కార్యాలయం వర్తిస్తుంది.

3. వినియోగదారుల కమిషన్: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. కమిషన్ స్థాయిని నష్టం విలువను బట్టి కాక, చెల్లించిన ప్రీమియంను బట్టి నిర్ణయిస్తారు. కనుక గృహ బీమా వివాదాలు సాధారణంగా జిల్లా కమిషన్‌కే వస్తాయి. తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

దశల క్రమం ముఖ్యం. ముందుగా కమిషన్‌కు వెళితే అదే వివాదాన్ని అంబుడ్స్‌మన్ స్వీకరించరు. అంబుడ్స్‌మన్ నిర్ణయంతో తృప్తి చెందని పాలసీదారు మాత్రం, గడువు మిగిలి ఉంటే, కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఇవి కూడా చూడండి

* బీమా
* వినియోగదారుల రక్షణ చట్టం